ఏళ్ళు, ఏళ్ళ: ఇంగ్లీషులో వయసు, కొలత తప్పు లేకుండా రాయడం ఎలా?

“మా వాడికి ఐదేళ్ళు” అన్న మాట ఇంగ్లీషులో చెప్పమంటే చెన్నైలో ఏ తెలుగింట్లో అయినా తడుముకోకుండా చెప్పేస్తారు. అదే “ఐదేళ్ళ మా అబ్బాయి” అని కాగితం మీద పెట్టాల్సి వస్తే చెయ్యి ఆగుతుంది. “ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్” అనాలా, “ఫైవ్ ఇయర్ ఓల్డ్ బాయ్” అనాలా? మాటల మధ్య ఆ చిన్న గీతలు పెట్టాలా వద్దా? పెడితే ఎన్ని? ఎటూ తేలక కొందరు వాక్యాన్నే మార్చేసి “మై సన్ ఏజ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్” అని రాసి ఊరుకుంటారు.

స్కూల్లో సీటు కోసం పెట్టే అర్జీ, ఇల్లు అద్దెకిస్తామనే ప్రకటన, బయోడేటా, పెళ్ళి సంబంధం వివరాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు, ఏది రాసినా ఎక్కడో ఒకచోట వయసో, దూరమో, గడువో, విస్తీర్ణమో రాయక తప్పదు. అన్నింటికీ సూత్రం ఒక్కటే. ఆ సూత్రం మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎందుకంటే అది తెలుగులోనూ ఉంది. పిల్లలకి ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేటప్పుడు వాళ్ళ సొంత భాషలో ఉన్న ఈ ఆధారాన్ని ఎవరూ చూపించకపోవడం నాకు బాధగా ఉంటుంది. చూపిస్తే ఒక్క పూటలో పట్టుబడే విషయం ఇది.

చెన్నపట్నం తెలుగువాళ్ళకి ఇంగ్లీషు రాత కొత్తది కాదు. వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశాడు. తన జీవితకథని ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. కొడుకు దాన్ని 1873లో అచ్చు వేయించాడు. కాశీయాత్ర చేసి దాని చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి కూడా మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటరే. కోర్టులో సాక్షి తెలుగులో చెప్పింది విని ఇంగ్లీషులోకి తేవడం ఇలాంటివాళ్ళ రోజువారీ పని. మనం చేయబోయేదీ అదే. తెలుగులో ముందు విని, తర్వాత ఇంగ్లీషులో పెడతాం.

మొదటి మెట్టు: వాక్యాన్ని తెలుగులో పైకి అనండి

ఈ రెండు వాక్యాలు పైకి చదవండి.

పాపకి ఐదేళ్ళు.
ఐదేళ్ళ పాప వచ్చింది.

మొదటిదానిలో “ఏళ్ళు”. రెండోదానిలో “ఏళ్ళ”. చివరి ఉకారం పోయి అకారం వచ్చింది. ఎందుకు? రెండో వాక్యంలో ఆ మాట పాప ముందు చేరి, ఏ పాపో చెబుతోంది. తెలుగులో కొలతమాట ఇంకో మాటకి అతుక్కోగానే రూపం మారుతుంది. రోజులు రోజుల అవుతాయి, అడుగులు అడుగుల అవుతాయి, నిమిషాలు నిమిషాల అవుతాయి, పేజీలు పేజీల అవుతాయి. “ఐదేళ్ళు పాప వచ్చింది” అని మూడేళ్ళ పిల్లాడు కూడా అనడు.

ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే చోట రూపం మారుతుంది. తెలుగు వాక్యంలో “ఏళ్ళు” వినబడితే ఇంగ్లీషులో చివరి ఎస్ ఉంటుంది, గీతలుండవు: “ది గర్ల్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్”. తెలుగులో “ఏళ్ళ” అని వినబడి, దాని వెంటనే ఒక మనిషో వస్తువో వస్తే ఇంగ్లీషులో ఎస్ పోతుంది, గీతలు వస్తాయి: “ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్”.

పట్టుకోవాల్సిన కీలకం ఇంతే. మిగిలిన మెట్లన్నీ దీన్ని ఆచరణలో పెట్టడానికే.

రెండో మెట్టు: ఎస్ తీసేయండి

ఐదేళ్ళు ఒకటి కాదు కదా, బహువచనం ఎందుకు పోతుంది అని చాలామందికి అనుమానం. ఇంగ్లీషులో ఒక నామవాచకం ఇంకో నామవాచకం ముందు నిలబడి దాన్ని వర్ణించేటప్పుడు మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. పళ్ళన్నీ తోముకున్నా అది టూత్ బ్రషే, “టీత్ బ్రష్” కాదు. వంద జతలున్నా షూ షాపే. వందల పుస్తకాలున్నా బుక్ షాపే. ఆ లెక్కలోనే “ఇయర్స్” కాస్తా “ఇయర్” అయింది.

దీనికి చెన్నై తెలుగువాళ్ళందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఈ సంగతిని ఇంగ్లీషులో రెండు రకాలుగా రాయవచ్చు.

ఆయన 58 రోజులు ఉపవాసం ఉన్నారు: “హి ఫాస్టెడ్ ఫర్ 58 డేస్”.
ఆయన 58 రోజుల ఉపవాసం: “హిజ్ 58-డే ఫాస్ట్”.

మొదటిదానిలో “రోజులు” అంటే “డేస్”. రెండోదానిలో “రోజుల” అంటే “డే”. విద్యార్థులు వ్యాసాల్లో “58 డేస్ ఫాస్ట్” అని రాస్తుంటారు. అంత పెద్ద త్యాగం గురించి రాసే వాక్యం తప్పులేకుండా ఉండాలి. ఆయన వయసు కూడా ఇలాగే రాయాలి. 1901 మార్చి 16న పుట్టారు కాబట్టి అప్పటికి 51 ఏళ్ళు. “శ్రీరాములు వాజ్ 51 ఇయర్స్ ఓల్డ్” అనొచ్చు, “ది 51-ఇయర్-ఓల్డ్ లీడర్” అనొచ్చు.

“ఓల్డ్” అన్న మాట వయసు చెప్పేటప్పుడే వస్తుంది. ఉపవాసానికి, నడకకి, కోర్సుకి ఆ మాట అక్కర్లేదు, సంఖ్య, కొలత చాలు. లోతు చెప్పేటప్పుడు ఓల్డ్ చోట “డీప్” రావచ్చు. వానాకాలం రాగానే చెన్నైలో అందరి నోటా నలిగే చెంబరంబాక్కం చెరువునే తీసుకోండి. దాని పూర్తి నీటిమట్టం 24 అడుగులు. “ది లేక్ ఈజ్ 24 ఫీట్ డీప్ వెన్ ఫుల్” అని రాస్తాం. ఆ లోతుని చెరువు ముందు పెడితే “ఎ 24-ఫుట్-డీప్ లేక్”. ఇక్కడ తీసేయడానికి ఎస్ లేదు కానీ “ఫీట్” తిరిగి “ఫుట్” అయింది. ఈ ఒక్క మాట దగ్గర బాగా చదువుకున్నవాళ్ళు కూడా తడబడతారు. “సిక్స్ ఫీట్ కాంపౌండ్ వాల్” అని మన నోటికి అలవాటైపోయింది. రాసేటప్పుడు అది “ఎ సిక్స్-ఫుట్ కాంపౌండ్ వాల్” కావాలి.

స్థలాల ప్రకటనలకీ ఇదే వర్తిస్తుంది. చెన్నైలో స్థలాన్ని గ్రౌండ్లలో కొలుస్తారు, గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. రెండు గ్రౌండ్ల స్థలం “ఎ టూ-గ్రౌండ్ ప్లాట్”. ఒక్క గ్రౌండు స్థలాన్ని అడుగుల్లో చెప్పాలంటే “ఎ 2,400-స్క్వేర్-ఫుట్ ప్లాట్”. రెండు పడగ్గదుల ఫ్లాటు “ఎ టూ-బెడ్‌రూమ్ ఫ్లాట్”. అది పానగల్ పార్కుకి పది నిమిషాల నడక దూరంలో ఉంటే “ఎ టెన్-మినిట్ వాక్ ఫ్రమ్ పానగల్ పార్క్”.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడూ తెలుగు చెవి సాయం చేస్తుంది. ది హిందూ పత్రికని 1878 సెప్టెంబరు 20న మద్రాసులో ఆరుగురు యువకులు మొదలుపెట్టారు. వాళ్ళలో న్యాపతి సుబ్బారావు పంతులు, డి. కేశవరావు పంతులు ఉన్నారు. “ఆరుగురు యువకులు” అన్నప్పుడు “ఆరుగురు” మారలేదు కాబట్టి ఇంగ్లీషులోనూ మామూలు బహువచనమే, “సిక్స్ యంగ్ మెన్”. గీత అక్కర్లేదు. “ఆరుగురి బృందం” అనగానే “రు” పోయి “రి” వచ్చింది. ఇంగ్లీషులోనూ మారాలి: “ఎ సిక్స్-మెంబర్ గ్రూప్”. “సిక్స్ మెంబర్స్ గ్రూప్” కాదు.

ఇక్కడే ఇంకో మాట. సంస్థ వయసు రాసేటప్పుడు “ఇన్ని ఏళ్ళ పత్రిక” అని లెక్క కట్టి రాయకుండా “ఫౌండెడ్ ఇన్ 1878” అని రాయమని నా సలహా. ఏళ్ళ లెక్క వచ్చే ఏటికి తప్పైపోతుంది. సంవత్సరం ఎప్పటికీ నిలిచి ఉంటుంది.

మూడో మెట్టు: గీతలు పెట్టండి

హైఫన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. కాదు, అది అర్థాన్ని కాపాడుతుంది. “ట్వంటీ ఇయర్ ఓల్డ్ ట్రీస్” అని గీతలు లేకుండా రాశారనుకోండి. ఒక్కొక్కటి ఇరవై ఏళ్ళ వయసున్న చెట్లా? ఏడాది వయసున్న ఇరవై చెట్లా? చదివేవాళ్ళకి తెలీదు. “ట్వంటీ-ఇయర్-ఓల్డ్ ట్రీస్” అని రెండు గీతలు పెడితే ఇరవై ఏళ్ళ చెట్లు. “ట్వంటీ ఇయర్-ఓల్డ్ ట్రీస్” అని ఒక్క గీతే పెడితే ఏడాది మొక్కలు ఇరవై. నర్సరీకి ఆర్డరు పంపేటప్పుడు ఈ తేడా డబ్బుల్లో తెలుస్తుంది.

కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఇది: వర్ణించే మాటలన్నీ ఒకే మూటగా కట్టాలి. సంఖ్యకీ ఇయర్‌కీ మధ్య ఒకటి, ఇయర్‌కీ ఓల్డ్‌కీ మధ్య ఒకటి. ఓల్డ్‌కీ దాని తర్వాత వచ్చే మాటకీ మధ్య మాత్రం గీత ఉండదు, ఎందుకంటే అక్కడ వర్ణన అయిపోయింది. ఒక్క గీతతో ఆపేసి “ఫైవ్ ఇయర్-ఓల్డ్” అని రాయడం తరచూ కనబడే తప్పు.

దీనికి ఎదురుగా ఇంకో తప్పుంది. గీతలు నేర్చుకున్న ఉత్సాహంలో ఎక్కడపడితే అక్కడ పెట్టేయడం. “షి ఈజ్ ఫైవ్-ఇయర్స్-ఓల్డ్” అన్నది తప్పు. వాక్యం చివర వయసు చెప్పినప్పుడు మూట కట్టే పని లేదు. తెలుగులో అక్కడ “ఐదేళ్ళు” అనే ఉంటుంది, గీతలు వద్దని ఆ ఉకారమే చెబుతుంది.

టైపు చేసేటప్పుడు హైఫన్‌కి అటూ ఇటూ ఖాళీ వదలకండి. కీబోర్డు మీద సున్నా పక్కనుండే కీ అదే. ఖాళీలు వదిలితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పొడుగు గీతగా మార్చేస్తాయి. అప్పుడు మాటలు కలవడం మాని విడిపోయినట్టు కనిపిస్తాయి.

సంఖ్యని అక్షరాల్లో రాస్తే, ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా రెండు మాటల సంఖ్యలకి తమ గీత తమకుంది: “ఫిఫ్టీ-ఎయిట్”. అది కూడా కలిపితే “ఫిఫ్టీ-ఎయిట్-డే ఫాస్ట్” అవుతుంది. చూడ్డానికి గీతలు ఎక్కువగా అనిపించినా అదే సరి. అంత పొడుగు ఇష్టం లేకపోతే అంకెలు వాడండి.

నాలుగో మెట్టు: ముందు “ఎ” పెట్టాలా, “యాన్” పెట్టాలా?

ఇక్కడ తెలుగు లిపి మనకి పెద్ద సాయం. సంఖ్యని తెలుగు అక్షరాల్లో మనసులో రాసుకోండి. మొదటి అక్షరం అచ్చు అయితే “యాన్”, హల్లు అయితే “ఎ”.

8 అంటే ఎయిట్, అచ్చుతో మొదలు: “యాన్ 8-ఇయర్-ఓల్డ్ బాయ్”. 11 అంటే ఎలెవన్, 18 అంటే ఎయిటీన్, 80 అంటే ఎయిటీ, అన్నిటికీ “యాన్”. 1 అంటే వన్. ఇంగ్లీషు స్పెల్లింగు అచ్చుతో మొదలైనా తెలుగులో “వ” రాస్తాం కాబట్టి “ఎ వన్-ఇయర్-ఓల్డ్ బేబీ”. ఇంగ్లీషు అక్షరాల వెనక దాగిన ధ్వనిని తెలుగు లిపి ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఇంగ్లీషు ఒక్కటే చదివే పిల్లలకి ఈ సౌకర్యం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మాట మొదట్లో ఎకారం వస్తే మనలో చాలామంది దాని ముందు కొంచెం యకారం చేర్చి “యెయిట్”, “యెలెవన్” అంటారు. ఆ అలవాటుతో “ఎ యెయిట్ ఇయర్” అని రాసేస్తారు. పలకడం ఎలా ఉన్నా, రాసేటప్పుడు ఎకారాన్నే లెక్కలోకి తీసుకోండి.

ది హిందూ తొలి సంచిక అచ్చయింది 80 ప్రతులే. “యాన్ 80-కాపీ ప్రింట్ రన్” అని రాయాలి. అద్దె ఇంటి అగ్రిమెంటు పదకొండు నెలలకి రాసుకోవడం మన దగ్గర వాడుక. అది “యాన్ 11-మంత్ అగ్రిమెంట్”.

చెవిని ఎక్కడ నమ్మకూడదు?

ఇంతసేపూ తెలుగు చెవిని నమ్మమన్నాను. అది దారి తప్పించే చోట్లు కూడా ఉన్నాయి, అవి తెలియకపోతే నేర్చుకున్నది సగమే.

“ఐదేళ్ళ క్రితం”, “ఐదేళ్ళ తర్వాత”, “ఐదేళ్ళ నుంచి”, “ఐదేళ్ళ వయసులో”. వీటన్నిటిలో “ఏళ్ళ” వినబడుతుంది. అయినా ఇంగ్లీషులో ఎస్ పోదు, గీతలు రావు. “ఫైవ్ ఇయర్స్ అగో”, “ఆఫ్టర్ ఫైవ్ ఇయర్స్”, “ఫర్ ఫైవ్ ఇయర్స్”. చివరిది “ఎట్ ది ఏజ్ ఆఫ్ ఫైవ్”, అక్కడ ఇయర్ అన్న మాటే అక్కర్లేదు. మొదటి మెట్టులో నేను పెట్టిన షరతు గుర్తు తెచ్చుకోండి: “ఏళ్ళ” వెంటనే ఒక మనిషో వస్తువో రావాలి. క్రితం, తర్వాత, నుంచి వస్తువులు కావు. “నుంచి” అనగానే “సిన్స్ ఫైవ్ ఇయర్స్” అని రాయడం మన ప్రాంతంలో బాగా పాతుకుపోయింది. అక్కడ “ఫర్” రావాలి. “సిన్స్” పక్కన మొదలైన కాలం రావాలి, “సిన్స్ 2019” లాగా.

రెండో చిక్కు ఇంకాస్త లోతైనది. “రెండేళ్ళ అనుభవం” అంటాం. “ఏళ్ళ” వెంటనే అనుభవం వచ్చింది. అయితే “టూ-ఇయర్ ఎక్స్‌పీరియన్స్” అనొచ్చా? అనకూడదు. “టూ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్” అనాలి, ఎస్ తర్వాత పైన చిన్న కొమ్ము, అంటే అపాస్ట్రఫీ, పెట్టి. లేదా “టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్” అనాలి.

తేడా ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషులో ఆ మాట ముందు “ఎ” పెట్టి చూడండి. “ఎ వాక్”, “ఎ ఫాస్ట్”, “ఎ కోర్స్”, “ఎ ఫ్లాట్”: ఇవన్నీ ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగేవి. వీటి ముందు ఎస్ తీసి గీత పెట్టాలి. బయోడేటాలో రాసే ఎక్స్‌పీరియన్స్, సెలవు చీటీలో రాసే లీవ్, రాజీనామాలో రాసే నోటీస్, వీటిని ఒకటి రెండు అని లెక్కపెట్టం. వీటి ముందు ఎస్ ఉంచి కొమ్ము పెట్టాలి: “త్రీ డేస్’ లీవ్”, “టూ మంత్స్’ నోటీస్”. ఒక్క నెలే అయితే కొమ్ము ఎస్ ముందుకి జరుగుతుంది: “వన్ మంత్’స్ నోటీస్”. వాక్ లాంటి కొన్ని మాటలకి రెండు పద్ధతులూ చెల్లుతాయి. “ఎ టెన్-మినిట్ వాక్” సరే, “టెన్ మినిట్స్’ వాక్” కూడా సరే. రెండూ కలిపి “ఎ టెన్ మినిట్స్ వాక్” అనడమే కుదరదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు గీత పద్ధతినే పట్టుకుంటే మేలు, కొమ్ము ఎక్కడ పెట్టాలన్న ఆలోచన తప్పుతుంది.

మూడోది “సుమారు”, “దాదాపు”. అడయారులో దివ్యజ్ఞాన సమాజం తోటలో ఉన్న మర్రిచెట్టు వయసు దాదాపు 450 ఏళ్ళని చెబుతారు. 1989 తుపాను గాలికి దాని తల్లి మాను కూలిపోయింది, ఊడలు దిగిన చెట్టు మిగిలింది. “యాన్ అబౌట్ 450-ఇయర్-ఓల్డ్ ట్రీ” అని రాస్తే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలాంటప్పుడు వయసుని చెట్టు వెనక్కి నెట్టండి: “ఎ ట్రీ సెడ్ టు బీ అబౌట్ 450 ఇయర్స్ ఓల్డ్”. గీతలు పోయాయి, ఎస్ తిరిగొచ్చింది, వాక్యం తేలికపడింది.

ఐదేళ్ళవాడు, ఐదేళ్ళవాళ్ళు

కొన్నిసార్లు వెనక బాయ్, గర్ల్ అన్న మాట లేకుండా ఆ మూటే మనిషిని సూచిస్తుంది. తెలుగులో “ఐదేళ్ళవాడు” అన్నట్టు ఇంగ్లీషులో “ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్”. గీతలు రెండూ ఉండాల్సిందే. బహువచనం చేయాలంటే తెలుగులో “వాడు” చోట “వాళ్ళు” వస్తుంది, “ఐదేళ్ళ” కదలదు. ఇంగ్లీషులోనూ ఎస్ చిట్టచివర చేరుతుంది, ఇయర్ కదలదు: “ఫైవ్-ఇయర్-ఓల్డ్స్”. “ఫైవ్-ఇయర్స్-ఓల్డ్” కాదు.

“ఐదు, ఆరేళ్ళ పిల్లలు” అన్నప్పుడు తెలుగులో ఏళ్ళ అన్న మాట రెండుసార్లు అనం. ఇంగ్లీషులోనూ అనక్కర్లేదు. కాకపోతే మొదటి సంఖ్య పక్కన గీత వేలాడుతూ ఉండిపోవాలి: “ఫైవ్- అండ్ సిక్స్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్”. ఆ గీత తర్వాత మాత్రం ఖాళీ వదలాలి. ఇది తికమకగా ఉంటే “చిల్డ్రన్ ఏజ్డ్ ఫైవ్ అండ్ సిక్స్” అని రాయండి, అందులో ఏ లోపమూ లేదు. “ఏజ్డ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్” అని మాత్రం రాయకండి, ఏజ్డ్, ఓల్డ్ రెండూ ఒకే పని చేస్తాయి.

అర ఉంటే మాటలు పెరుగుతాయి, గీతలూ పెరుగుతాయి. రెండున్నరేళ్ళ పాప “ఎ టూ-అండ్-ఎ-హాఫ్-ఇయర్-ఓల్డ్ గర్ల్”. ఏడాదిన్నర పాపని “యాన్ 18-మంత్-ఓల్డ్ బేబీ” అంటే సుఖం.

అంకెలా, అక్షరాలా?

అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళ స్టైల్ బుక్ వయసుని ఎప్పుడూ అంకెల్లోనే రాయమంటుంది. పుస్తక ప్రచురణలో వాడే షికాగో మాన్యువల్ మామూలుగా వంద దాకా అక్షరాల్లో రాయమంటుంది. రెండూ సరైనవే, ఒక కాగితంలో ఒక పద్ధతే పాటించాలి. వాక్యాన్ని అంకెతో మొదలుపెట్టకుండా ఉంటే చాలు.

సైన్సు, ఇంజినీరింగు రిపోర్టులు రాసే విద్యార్థులకి ఒక విషయం వేరేగా చెప్పాలి. కిలోమీటర్, కిలోగ్రామ్ అని పూర్తిగా రాసినప్పుడు గీత పెట్టాలి. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో km, kg లాంటి గుర్తు మాత్రమే రాస్తే, అంకెకీ గుర్తుకీ మధ్య ఖాళీ వదిలి గీత మానేయాలి. పత్రికలు గుర్తులకి కూడా గీత పెడతాయి, అది వాళ్ళ వాడుక. ప్రొఫెసరుకి ఇచ్చే కాగితంలో ప్రమాణాల పద్ధతే పాటించండి.

ఒక బయోడేటా సరిదిద్దుదాం

ఉద్యోగాల అర్జీల్లో ఇలాంటి పేరా తరచూ కనిపిస్తుంది.

“ఐ యామ్ ఎ 24 ఇయర్స్ ఓల్డ్ కామర్స్ గ్రాడ్యుయేట్ విత్ 2 ఇయర్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ఎ 50 ఎంప్లాయీస్ కంపెనీ. ఐ హావ్ కంప్లీటెడ్ ఎ 6 మంత్స్ ట్యాలీ కోర్స్. ఐ యామ్ లివింగ్ ఇన్ కోడంబాక్కం సిన్స్ 5 ఇయర్స్. ఐ కెన్ జాయిన్ ఎట్ 1 మంత్ నోటీస్.”

ఒక్కో ముక్క తెలుగులో అనుకుంటూ వెళ్దాం. 24 ఏళ్ళ గ్రాడ్యుయేట్: “ఏళ్ళ” వెంటనే మనిషి. ఎస్ తీసి రెండు గీతలు. రెండేళ్ళ అనుభవం: “ఏళ్ళ” వెంటనే వచ్చింది లెక్కపెట్టలేని మాట. ఎస్ ఉంచి కొమ్ము. 50 మంది ఉద్యోగుల కంపెనీ: “ఉద్యోగులు” కాస్తా “ఉద్యోగుల” అయింది. ఎస్ తీసి గీత. ఆరు నెలల కోర్సు: “నెలలు” కాస్తా “నెలల”. అదే పని. ఐదేళ్ళ నుంచి: వెనక వస్తువు లేదు. ఎస్ ఉంటుంది, గీత ఉండదు, “సిన్స్” బదులు “ఫర్”, దానికి తగ్గట్టు క్రియ కూడా మారాలి. నెల నోటీసు: ఒక్క నెల, లెక్కపెట్టలేని మాట. కొమ్ము ఎస్ ముందు.

“ఐ యామ్ ఎ 24-ఇయర్-ఓల్డ్ కామర్స్ గ్రాడ్యుయేట్ విత్ టూ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ఎ 50-ఎంప్లాయీ కంపెనీ. ఐ హావ్ కంప్లీటెడ్ ఎ సిక్స్-మంత్ ట్యాలీ కోర్స్. ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ కోడంబాక్కం ఫర్ ఫైవ్ ఇయర్స్. ఐ కెన్ జాయిన్ ఎట్ వన్ మంత్’స్ నోటీస్.”

ఇందులో వయసు, ఉద్యోగుల సంఖ్య అంకెల్లో ఉంచి, చిన్న సంఖ్యలు అక్షరాల్లోకి మార్చాను. పదికి లోపు అక్షరాలు, ఆపైన అంకెలు అన్నది ఇలాంటి ఉత్తరాలకి బాగా నప్పే పద్ధతి.

మీరే రాసి చూడండి

కింది నాలుగు వాక్యాల్ని ఇంగ్లీషులో కాగితం మీద రాయండి. రాశాకే జవాబులు చూడండి.

ఒకటి. కండలేరు నుంచి పూండి దాకా వచ్చే తెలుగుగంగ కాలువ పొడవు 177 కిలోమీటర్లు.
రెండు. 177 కిలోమీటర్ల కాలువ చెన్నైకి కృష్ణా నీళ్ళు తెస్తుంది.
మూడు. ఎనిమిదేళ్ళ ఇద్దరు పిల్లలకి మూడు రోజుల సెలవు కావాలి.
నాలుగు. ఎగ్మోర్ మ్యూజియంలో సుమారు రెండు వేల ఏళ్ళ అమరావతి శిల్పాలు ఉన్నాయి.

ఒకటోదానిలో “కిలోమీటర్లు” ఉంది: “ది కెనాల్ ఫ్రమ్ కండలేరు టు పూండి ఈజ్ 177 కిలోమీటర్స్ లాంగ్”. రెండోదానిలో “కిలోమీటర్ల”: “ఎ 177-కిలోమీటర్ కెనాల్ బ్రింగ్స్ కృష్ణా వాటర్ టు చెన్నై”. మూడోదానిలో రెండు మూటలు కలిసొచ్చాయి: “టూ ఎయిట్-ఇయర్-ఓల్డ్ చిల్డ్రన్ నీడ్ త్రీ డేస్’ లీవ్”. “టూ”కీ “ఎయిట్”కీ మధ్య గీత పెట్టినవాళ్ళు దాన్ని కొట్టేయండి, పిల్లల సంఖ్య వేరు, వయసు వేరు. నాలుగోదానిలో “సుమారు” ఉంది, కాబట్టి వయసు శిల్పాల వెనక్కి పోవాలి: “ది ఎగ్మోర్ మ్యూజియం హాజ్ అమరావతి స్కల్ప్చర్స్ దట్ ఆర్ అబౌట్ 2,000 ఇయర్స్ ఓల్డ్”. సుమారు అన్న మాట వద్దనుకుంటే “2,000-ఇయర్-ఓల్డ్ అమరావతి స్కల్ప్చర్స్” అని రాయండి. అప్పుడు ముందు “ఎ” కానీ “యాన్” కానీ రాదు, శిల్పాలు ఒకటి కన్నా ఎక్కువ కనుక.